కంప్యూటర్ సైన్స్ చదువుతున్న వారు అదనపు గణితం కోర్సును ఎలా ఎంచుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల్లో సీఎస్‌ఈ చదివే వారికీ, డిగ్రీ కళాశాలల్లో కంప్యూటర్స్ మేజర్‌గా తీసుకున్న వారికీ, రెండో సంవత్సరం దాటేసరికి తమకు నచ్చిన ఒక కోర్సును తామే ఎంచుకునే అవకాశం ఏదో ఒక రూపంలో వస్తుంది. అది ఓపెన్ ఎలెక్టివ్ కావచ్చు, మైనర్ సబ్జెక్టు కావచ్చు, ఎన్‌పీటెల్ అన్న ఆన్‌లైన్ వేదికలో సొంతంగా చేరే కోర్సు కావచ్చు. ఆ చోట గణితం తీసుకోవాలని అనుకునే వారిలో ఎక్కువ మంది స్నేహితులు దేనికి పేరు ఇచ్చారో, ఏ పేపరు దిద్దేటప్పుడు చేయి ధారాళంగా ఉంటుందో చూసి నిర్ణయం తీసుకుంటారు. మార్కుల లెక్క తప్పని నేను అనను. కానీ ఆ లెక్కతో ఎంచుకున్న కోర్సు పరీక్ష రాసిన మర్నాడే మరుగున పడిపోతుంది. గణితంలో ఏ శాఖ గొప్పదన్న చర్చ పక్కన పెట్టి, మీరు చేయదలచిన కంప్యూటర్ పనిలో గణితం తెలియక మీ చేయి ఎక్కడ ఆగిపోతున్నదో కనిపెట్టి, ఆ చోటికి సరిపోయే ఒకే ఒక్క కోర్సును తీసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదటి పని: ఇప్పటికే చదివినది రాసి పెట్టుకోవడం

మీ రెగ్యులేషన్‌కు చెందిన సిలబస్ కాపీని ముందు దగ్గర పెట్టుకోండి. నెల్లూరు వైపు ఇంజినీరింగ్ కళాశాలలు ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూ కిందా, ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ కిందా ఉన్నాయి. అటానమస్ కళాశాలలు సొంత సిలబస్ పెట్టుకుంటాయి. డిగ్రీ వారికి నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. అందువల్ల మీ మిత్రుడు పక్క జిల్లాలో చదివిన ఎమ్-వన్ (మ్యాథమెటిక్స్-1 పేపరు), మీరు చదివిన ఎమ్-వన్ పేరుకు ఒకటే అయినా యూనిట్లు అచ్చంగా ఒకటే అయి ఉండాలని లేదు. బీటెక్‌లో సాధారణంగా మొదటి సంవత్సరంలో మాత్రికలు, కాలిక్యులస్, అవకలన సమీకరణాలు, రెండో సంవత్సరంలో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, ప్రాబబిలిటీ వస్తాయి. ఈ జాబితాలో మీరు నిజంగా చేయగలిగినవాటి పక్కన మాత్రమే టిక్కు పెట్టండి. పరీక్షకు ముందు రాత్రి నాలుగు మోడల్ లెక్కలు బట్టీ పట్టి గట్టెక్కిన యూనిట్‌కు టిక్కు పెట్టవద్దు.

రెండు రకాల విద్యార్థులు ఈ పనిని మరింత జాగ్రత్తగా చేయాలి. పాలిటెక్నిక్ పూర్తి చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరిన వారు బీటెక్ మొదటి సంవత్సరపు గణితాన్ని తరగతి గదిలో వినకుండానే ముందుకు వస్తారు. ఇంటర్‌లో గణితం లేకుండా బీసీఏలో చేరిన వారికి ప్రస్తారాలు, సంయోగాలు, మాత్రికలు కూడా కొత్తే. ఇటువంటి వారు పైస్థాయి కోర్సుకు పోయే ముందు ఒక సెలవుల కాలాన్ని ఇంటర్ పుస్తకాలకే కేటాయించడం మంచిది. గణితానుగమనం, మాత్రికలు, ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అన్న అధ్యాయాలు చాలు. వాటిని వరుసగా, లెక్క వదలకుండా చేస్తే ఈ పని పూర్తవుతుంది.

రెండో పని: ఫోన్ పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు

ఒక తెల్లకాగితం తీసుకుని ఈ నాలుగింటికీ సమాధానం రాయండి. ఒక సభలో కొందరు ఒకరితో ఒకరు చేతులు కలిపారు. బేసి సంఖ్యలో చేతులు కలిపిన వారందరినీ లెక్కపెడితే ఆ సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే అవుతుందని నిరూపించండి. బొమ్మ పడేదాకా ఒక నాణేన్ని ఎగరవేస్తూ పోతే సగటున ఎన్నిసార్లు ఎగరవేయవలసి వస్తుందో చెప్పి, ఎందుకో రాయండి. (1, 1), (2, 2), (3, 2) అన్న మూడు బిందువులకు కనిష్ఠ వర్గాల పద్ధతిలో అతి దగ్గరగా పోయే సరళరేఖను కనుక్కోండి. వంద ఏడులను ఒకదానితో ఒకటి గుణించినప్పుడు, అంటే 7 యొక్క 100వ ఘాతంలో, ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉంటుందో చెప్పండి.

రెండోదానికి జవాబు 2. మూడోదానిలో రేఖ వాలు సగం, అంతరఖండం 2/3. నాలుగోదానికి జవాబు 1, ఎందుకంటే 7 యొక్క 4వ ఘాతం 1తో ముగుస్తుంది, 100ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది. జవాబుల కంటే మీరు ఎక్కడ ఆగిపోయారన్నది ముఖ్యం. మూడోది రాకపోతే లీనియర్ ఆల్జీబ్రా, రెండోది రాకపోతే ప్రాబబిలిటీ, నాలుగోది రాకపోతే నంబర్ థియరీ మీకు కొత్త సంగతులు నేర్పుతాయి. మొదటిది రాకపోవడం మాత్రం వేరే రకం ఇబ్బంది. అక్కడ సూత్రం ఏదీ లేదు; ప్రతి చేయి కలపడమూ ఇద్దరి ఖాతాల్లో పడుతుంది గనుక మొత్తం సరిసంఖ్య అవుతుందనీ, ఆ మొత్తం సరిసంఖ్య కావాలంటే బేసి ఖాతాలు జతలుగానే ఉండాలనీ వాక్యాల్లో చెప్పగలగాలి. అది చేతకాని వారు అల్గారిదమ్స్ పుస్తకంలో ప్రతి రుజువు దగ్గరా పేజీ తిప్పేస్తారు. ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయిన వారికి నేను చెప్పేది ఒకటే: డేటా సైన్స్ పేరు వినిపించే కోర్సులను ఇంకొక సెమిస్టర్ వెనక్కి నెట్టి, రుజువులు రాయించే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ కోర్సును, ఒకసారి చదివినదే అయినా, మళ్ళీ సరిగ్గా చేయండి.

మూడో పని: చేయదలచిన పనికి గణితాన్ని జతపరచడం

నిజం చెప్పాలంటే, వెబ్ అప్లికేషన్లు, మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో చేరడమే మీ లక్ష్యమైతే డిగ్రీలో ఉన్న గణితానికి మించి మీకు తక్షణం అవసరమేమీ లేదు. ఆ ఖాళీలో డేటాబేస్‌లో ఇంకొక కోర్సు చేసినా నష్టం లేదు. గణితమే కావాలనుకుంటే ప్రాథమిక స్టాటిస్టిక్స్ తీసుకోండి. ఈ కింద చెప్పేది అంతకు మించి పోదలచిన వారికి.

డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ వైపు పోయేవారికి ప్రాబబిలిటీ ఎందుకు కావాలో మన తీరంలోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మొదలుకొని అటు కొత్తపట్నం దాకా రొయ్యల చెరువులున్నాయి కదా. చెరువు నుంచి వచ్చిన కొలతలను బట్టి రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు తగిలిందో లేదో చెప్పే ప్రోగ్రాము ఒకటి మీరు రాశారనుకోండి. తెగులు ఉన్న చెరువుల్లో 95 శాతాన్ని అది పట్టుకుంటుంది. తెగులు లేని చెరువుల్లో 5 శాతం చోట్ల మాత్రమే పొరపాటున హెచ్చరిస్తుంది. వినడానికి బాగుంది. ఇప్పుడు 1000 చెరువుల్లో నిజంగా తెగులు ఉన్నవి 20 అనుకుందాం. వాటిలో 19ని ప్రోగ్రాము పట్టుకుంటుంది. మిగిలిన 980 ఆరోగ్యకరమైన చెరువుల్లో 49 చోట్ల కూడా హెచ్చరిక మోగుతుంది. మొత్తం హెచ్చరికలు 68, వాటిలో నిజమైనవి 19, అంటే నూటికి 28 మాత్రమే. మీ ప్రోగ్రామును నమ్మి తొందరపడి రొయ్యలు పట్టేసిన రైతుల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మంచి చెరువును ముందుగానే ఖాళీ చేసుకుంటారు. ఇందులో కోడ్ తప్పు ఒక్కటీ లేదు. షరతుతో కూడిన సంభావ్యత, బేయీస్ సిద్ధాంతం తెలియకుండా 95 అన్న అంకెను చూసి మురిసిపోవడమే తప్పు. అందువల్ల మీరు తీసుకునే ప్రాబబిలిటీ కోర్సులో సూత్రాల పట్టికతో పాటు ఇటువంటి ప్రశ్నలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

స్టాటిస్టిక్స్ గణితంలో తక్కువ రకం అన్న అభిప్రాయం మన కళాశాలల్లో కొంచెం ఉంది. అది మానుకోవడం మేలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన వ్యాసంలో, అందుబాటులో ఉన్న డేటాతో ఒక రాశిని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో దానికి ఒక హద్దు ఉంటుందని చూపారు. క్రామర్-రావు అవధిగా పేరుపడిన ఆ ఫలితం ఇవాళ్టికీ పాఠ్యాంశమే. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

అదే దారిలో రెండో కాలు లీనియర్ ఆల్జీబ్రా. మొదటి సంవత్సరంలో మాత్రిక కోటి (ర్యాంక్) కనుక్కోవడం, ఐగెన్ విలువలు రాబట్టడం చేతితో చేశారు గానీ, అవి ఎందుకో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. 1000 వరుసలు, 1000 నిలువులు ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో అంటే పది లక్షల అంకెల మాత్రిక. సింగ్యులర్ వాల్యూ డికంపోజిషన్ అన్న పద్ధతిలో దాన్ని పొరలుగా విడగొట్టి, బలమైన 50 పొరలను మాత్రమే ఉంచుకుంటే, ఒక్కొక్క పొరకు 2001 (నిలువుకు 1000, అడ్డానికి 1000, పొర బలానికి 1) చొప్పున, లక్షకు కొంచెం పైన అంకెలతో పని అయిపోతుంది. అంటే పదో వంతు. ఈ ప్రయోగం రెండు ఫొటోల మీద చేసి చూడండి. తలుపులు, కిటికీలు ఉన్న ఇంటి గోడ ఫొటో 50 పొరలతో చాలావరకు గుర్తుపట్టేటట్టే వస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకను దగ్గర నుంచి తీసిన ఫొటోలో మాత్రం బంగారు చుక్కలు మసకబారిపోతాయి, ఎందుకంటే చెల్లాచెదురుగా పడిన చుక్కలకు వరుసల మధ్య పోలిక ఉండదు, పోలిక లేనిచోట పొరలు తగ్గించడం కుదరదు. కోటి అన్న మాటకు అర్థం ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసినంతగా పది లెక్కలు చేసినా తెలియదు. 1998లో గూగుల్ వ్యవస్థాపకులు వెబ్ పేజీలకు ర్యాంకులు ఇచ్చిన పేజ్‌ర్యాంక్ పద్ధతి కూడా ఒక పెద్ద మాత్రికకు ఐగెన్ సదిశను కనుక్కోవడమే. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రాల్లో ఒకటే తీసుకునే వీలుంటే నేను రెండో స్థాయి లీనియర్ ఆల్జీబ్రా వైపే మొగ్గుతాను, ఎందుకంటే ప్రాబబిలిటీని డేటాతో పనిచేస్తూ కొంతవరకు సొంతంగా పట్టుకోవచ్చు, సదిశాంతరాళాలను (వెక్టర్ స్పేసులను) అలా పట్టుకోవడం కష్టం. దీనితో విభేదించే అధ్యాపకులు చాలా మంది ఉంటారు, వారి వాదన కూడా వినండి.

సైబర్ సెక్యూరిటీ మీద మనసున్న వారికి నంబర్ థియరీ, దాని తరవాత ఆల్జీబ్రాలోని గ్రూపులు, పరిమిత క్షేత్రాలు కావాలి. 1977లో రివెస్ట్, షామిర్, ఆడెల్‌మన్ తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని చిన్న అంకెలతో కాగితం మీదే నడిపించి చూడవచ్చు. 3, 11 అన్న రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుంటే లబ్ధం 33. రెండింటిలోంచీ ఒకటి చొప్పున తీసి గుణిస్తే 20. బహిరంగ తాళంచెవికి (పబ్లిక్ కీ) 3 తీసుకుంటే రహస్య తాళంచెవి (ప్రైవేట్ కీ) 7 అవుతుంది, ఎందుకంటే 3, 7ల లబ్ధమైన 21ని 20తో భాగిస్తే శేషం 1. పంపవలసిన సందేశం 4 అనుకోండి. దాని ఘనం 64, దాన్ని 33తో భాగిస్తే శేషం 31. దారిలో ఎవరికి దొరికినా కనిపించేది ఆ 31 మాత్రమే. అందుకున్నవారు 31ని 7వ ఘాతానికి పెంచాలి. 31 అంటే 33కు రెండు తక్కువ కనుక దాన్ని మైనస్ 2గా తీసుకుంటే మైనస్ 128 వస్తుంది, దానికి 132 కలిపితే మళ్ళీ 4. ఈ లెక్క ఎందుకు ప్రతిసారీ కుదురుతుందో తెలుసుకోవాలన్న కోరిక మీకు కలిగితే నంబర్ థియరీ మీ కోర్సే. ఎలా కుదిరితే ఏం, లైబ్రరీ ఫంక్షన్ ఉంది కదా అనిపిస్తే, ఈ కోర్సులో మూడో వారం నుంచి మీకు విసుగు మొదలవుతుంది.

అల్గారిదమ్స్, పోటీ ప్రోగ్రామింగ్ ఇష్టమైన వారికి కాంబినేటరిక్స్, గ్రాఫ్ థియరీ సరిపోతాయి. ఇందులో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు.

సిమ్యులేషన్లు, గ్రాఫిక్స్, శ్రీహరికోటలో జరిగే తరహా అంతరిక్ష గణనలు ఆకర్షించే వారు అవకలన సమీకరణాలతో పాటు న్యూమరికల్ మెథడ్స్ చూడాలి. 0.1, 0.2 కలిపి 0.3తో సమానమా అని పైథాన్‌ను అడిగితే కాదంటుంది, ఎందుకంటే 0.1ని ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయలేము. 1991లో గల్ఫ్ యుద్ధంలో దహ్రాన్ దగ్గర ఒక పేట్రియట్ క్షిపణి నిరోధక వ్యవస్థ సుమారు 100 గంటలు ఆపకుండా నడవడంతో ఇదే చిన్న తేడా పేరుకుని గడియారం 0.34 సెకన్లు పక్కకు జరిగింది. వస్తున్న క్షిపణిని అది అందుకోలేకపోయింది, 28 మంది సైనికులు మరణించారు. న్యూమరికల్ మెథడ్స్ కోర్సులో దోషాల విశ్లేషణ ఉన్న యూనిట్‌ను ఛాయిస్‌లో వదిలేసేవారు ఎక్కువ. ప్రోగ్రామర్లకు అసలు కావలసినది అదే.

ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయదలచిన వారికి ఒక మాట. కంప్యూటర్ సైన్స్ పేపరులోని 100 మార్కుల్లో ఇంజినీరింగ్ గణితానికి సుమారు 13 మార్కులు ఉంటాయి. అందులో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, ప్రాబబిలిటీ ఉన్నాయి. అవకలన సమీకరణాలు లేవు. 2024లో మొదలైన డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపరులో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్‌తో కూడిన ఆప్టిమైజేషన్ వేరు వేరు విభాగాలుగానే ఉన్నాయి. గేట్ కోసమని ట్రాన్స్‌ఫామ్స్ (లాప్లాస్, ఫూరియర్) కోర్సు తీసుకోవడం మాత్రం దండగ.

నాలుగో పని: పేరును కాదు, ప్రశ్నపత్రాన్ని చదవడం

ఒకే పేరుతో రెండు పూర్తిగా వేరైన కోర్సులు ఉంటాయి. గణిత విభాగం చెప్పే లీనియర్ ఆల్జీబ్రాలో సదిశాంతరాళాలు, రుజువులు నిండి ఉంటాయి. ఇంజినీరింగ్ వారి కోసం పెట్టినదానిలో లెక్కలు చేయడమే ఎక్కువ. ఆప్టిమైజేషన్ టెక్నిక్స్ అన్న ఎలెక్టివ్‌లో చాలా చోట్ల సింప్లెక్స్ పట్టికలు, రవాణా సమస్యలు చేతితో నింపడమే ఉంటుంది, మెషీన్ లెర్నింగ్‌కు కావలసిన గ్రేడియంట్ పద్ధతులు ఒక యూనిట్‌లో మూల ఉంటాయి, లేదా అసలు ఉండవు. అందువల్ల గత మూడు, నాలుగేళ్ళ ప్రశ్నపత్రాలు సంపాదించండి. కళాశాల ఎదుట జిరాక్స్ దుకాణంలో అవి తప్పక దొరుకుతాయి. వాటిలో నిరూపించండి, కారణం చెప్పండి అన్న ప్రశ్నలు ఎన్ని, కనుక్కోండి, సాధించండి అన్నవి ఎన్ని అని విడిగా లెక్కపెట్టండి. రెండో పనిలోని మొదటి ప్రశ్నను మీరు ఎంతవరకు చేయగలిగారో దాని పక్కన పెడితే ఆ కోర్సు మీకు సరిపోతుందో లేదో చాలావరకు తేలిపోతుంది. అంకెలు మాత్రమే మార్చి అవే నాలుగు ప్రశ్నలు ఏటా వచ్చే పేపరు కనిపిస్తే, మార్కులు వస్తాయి గానీ గణితం రాదని తెలిసే తీసుకోండి.

సీనియర్లను మార్కుల సంగతి అడిగితే మార్కుల సంగతే చెబుతారు. ఏ యూనిట్ దగ్గర తరగతి మొత్తం ఆగిపోయిందని అడగండి. కోర్సు చెప్పబోయే అధ్యాపకులను కలిసినప్పుడు, "సార్, ఈ కోర్సుకు ముందు నాకు తప్పక రావలసిన అధ్యాయాలు ఏవి?" అని అడిగి, వారు చెప్పినవాటిని మీరు టిక్కు పెట్టిన జాబితాతో సరిచూసుకోండి. రెండుకు మించి ఖాళీలు కనిపిస్తే ఆ కోర్సును వచ్చే సెమిస్టర్‌కు వాయిదా వేయడం ఉత్తమం.

అయిదో పని: ఎక్కడ చదవాలో తేల్చుకోవడం

మీ కళాశాలలో మీకు కావలసిన గణితం ఎలెక్టివ్ జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా తగినంత మంది పేరు ఇవ్వకపోతే దాన్ని నడపకపోవచ్చు. అప్పుడు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ మీకు అందుబాటులో ఉంటుంది. జనవరిలోనూ జులైలోనూ 4, 8, 12 వారాల కోర్సులు మొదలవుతాయి. చేరడానికీ పాఠాలు చూడడానికీ డబ్బు కట్టనక్కర్లేదు. ధ్రువపత్రం కావాలంటే పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్ళి రాసే చివరి పరీక్షకు 75 మార్కులు. ఆ మార్కులు మీ క్రెడిట్లలో కలవాలంటే కోర్సులో చేరకముందే మీ కళాశాలలో ఎన్‌పీటెల్ బాధ్యత చూసే అధ్యాపకులను అడిగి, ఆ కోర్సు ఆమోదిత జాబితాలో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలి. కోర్సు పూర్తయ్యాక అడిగితే ప్రయోజనం ఉండదు.

డిగ్రీ విద్యార్థులకు పరిస్థితి కొంచెం వేరు. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ అన్న మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే పాత పద్ధతి పోయి, 2023-24 నుంచి రాష్ట్రంలో ఒక మేజర్, ఒక మైనర్ అన్న పద్ధతి వచ్చింది. కంప్యూటర్స్ మేజర్‌గా తీసుకున్న వారు మైనర్‌గా గణితం లేదా స్టాటిస్టిక్స్ తీసుకుంటే పాత ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్), ఎంఎస్‌సీఎస్ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) విద్యార్థులకు దొరికిన బలంలో చాలా భాగం దొరుకుతుంది. నిబంధనలు మధ్యలో మారుతుంటాయి గనుక మీ బ్యాచ్‌కు వర్తించేదాన్ని కార్యాలయంలో అడిగి నిర్ధారించుకోండి. మీ రుజువుల సత్తా ఎంతో తెలుసుకోవాలంటే, చెన్నై శివార్లలో సిరుసేరిలో ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ తన వెబ్‌సైట్‌లో ఉంచిన పాత ప్రవేశ పరీక్ష పత్రాలు ప్రయత్నించండి. అక్కడ చేరే ఉద్దేశం లేకపోయినా అవి మంచి అభ్యాసమే.

ఆరో పని: మొదటి మూడు వారాల్లో పరీక్షించుకోవడం

కోర్సు మొదలయ్యాక వారానికి అయిదారు గంటలు దానికి దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి. రోజూ కావలి నుంచో గూడూరు నుంచో రైల్లో నెల్లూరుకు వచ్చి వెళ్ళే వారికి ఆ ప్రయాణ సమయంలో వీడియో పాఠాలు వినడం కుదురుతుంది గానీ లెక్కలు చేయడం కుదరదు. లెక్కలకు ఇంటి దగ్గర కూర్చునే సమయం వేరుగా ఉండాలి. ప్రతి వారం ఒక లెక్కను పూర్తిగా కాగితం మీద చేసి, అదే లెక్కను పైథాన్‌లో రాసి రెండు జవాబులూ సరిచూడండి. సొంత ల్యాప్‌టాప్ లేని వారు కళాశాల ల్యాబులోనో, ఫోన్ బ్రౌజరులో గూగుల్ కోల్యాబ్ తెరిచో ఈ పని చేసుకోవచ్చు.

మూడో వారం చివర ఆ వారపు అసైన్‌మెంటును ఎవరి సాయమూ లేకుండా, జవాబులు పంచుకునే వాట్సాప్ గ్రూపు తెరవకుండా చేయండి. సగానికి పైగా వస్తే కొనసాగండి. మూడో వంతు కూడా రాకపోతే, లోపం ముందు చదవవలసిన అధ్యాయంలో ఉందా, సమయం చాలకపోవడంలో ఉందా చూసి, సమయమే అయితే గంటలు పెంచండి. అధ్యాయమే అయితే, ఎన్‌పీటెల్ కోర్సును పరీక్ష రుసుము కట్టకుండా వదిలి వచ్చే విడతలో తిరిగి చేరవచ్చు. కళాశాల ఎలెక్టివ్ విషయంలో మార్చుకునే గడువు ఎప్పటితో ముగుస్తుందో పేరు ఇచ్చిన రోజే విభాగం కార్యాలయంలో అడిగి రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆ గడువు చాలా చోట్ల మూడో వారం కంటే ముందే ముగుస్తుంది. అటువంటి చోట ఈ అసైన్‌మెంటు పరీక్షను కోర్సు మొదలుకాక ముందే, పాత ప్రశ్నపత్రంలోని మొదటి యూనిట్‌తో జరుపుకోవాలి.